రెండు పేజీల అడ్డుకోత

ఓడల రేవు మూతపడిన ఏడాది
డండీలో, ఒక కామిక్ ఆఫీసు మూడో అంతస్తులో
నాకు దొరికిన పని ఇది:
ప్రతి శనివారం లోకాన్ని కాపాడే రివెట్ అనేవాడి కవచాన్ని
అడ్డంగా కోసి చూపించాలి,
నడి రెండు పేజీల్లో,
పిన్నులు దిగే చోటు తప్పించి.

ఇరవై రెండేళ్లు ఓడల కడుపులు గీసినవాణ్ణి.
బాయిలరెక్కడ, పంపెక్కడ,
మనిషి ఒక్కడు పక్కకి తిరిగి దూరే సందెంత
అన్నీ నా పెన్సిలుకి కొట్టినపిండి.
ఎడిటరు ఆక్టర్లోనీ అన్నాడు,
"నిజం అక్కర్లేదయ్యా, నిజంలా ఉంటే చాలు."
మాట మింగుడుపడలేదు.
పెన్సిలు చెక్కుకున్నాను.

ఒకటో అంకె: రొమ్ము పలక.
బయట ఉక్కు, లోన పింగాణీ, నడుమ తేనెపట్టు గదులు,
ఒక గదికి దెబ్బ తగిలితే
పక్క గదులు పంచుకునేట్టు.
తొమ్మిదో అంకె: మోకాటి కీలు, దానికో గ్రీజు బెజ్జం.
ఎగిరొచ్చాక, అర్ధరాత్రి,
ఎవరో ఒకరు కూర్చుని పట్టించాలి కదా.
భుజాల వెనక చేప మొప్పల్లాంటి రేకులు:
లోపలి వేడి పోయే దారి.
మా ఊరి వానలో అవి
పెనం మీద నీళ్లు చిలికినట్టు చుయ్యిమంటాయి.

వెన్నులో బ్యాటరీ.
శక్తి దగ్గర కథకుడు "అనంతం" అని రాసిచ్చాడు.
కొట్టేసి, "పదకొండు నిమిషాలు" అని వేశాను.
కుర్రాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
మూడో రోజు కొత్త కథ పట్టుకొచ్చాడు:
పన్నెండో నిమిషంలో
టే నది వంతెన మీద రివెట్
నూట తొంభై కిలోల ఇనుములో బిగుసుకుపోయి,
మొదటి రైలు కూసేదాకా
ఎవరైనా వస్తారేమోనని చూడటం.
ఆ వారం ఒక్క కాపీ మిగల్లేదు.

శిరస్త్రాణంలో, కళ్లకెదురుగా పచ్చ అంకెలు:
ఎత్తు, వేగం, శత్రువు ఎంత దూరం.
ఇల్లెంత దూరమో కూడా పెడదామనుకున్నాను.
చోటు చాల్లేదు.

మొత్తం నలభై ఏడు అంకెలు.
అచ్చయిన తొమ్మిదో రోజు
ఆర్‌బ్రోత్ నుంచి ఒక ఉత్తరం,
గళ్ల కాగితం మీద, వంకర గీతలు కొట్టకుండా:

"బొమ్మలు వేసే సారుకి,
నా పేరు మోర్వెన్ పిరీ. పదేళ్లు.
నా వెన్ను పక్కకి ఒరిగిందని
గడ్డం కింద నుంచి నడుం దాకా ఇనుప పట్టీలు బిగించారు.
రివెట్‌ది పదకొండు నిమిషాలే.
నాది రోజుకి ఇరవై మూడు గంటలు.
లోపల దురద పుడితే అతనెలా గోక్కుంటాడు?
మీ బొమ్మలో వెతికాను. లేదు."

నలభై ఏడింటినీ మళ్లీ చూశాను.
క్షిపణి ఆపే పొర ఉంది.
సముద్రం అడుగున ఊపిరి ఉంది.
వేలు దూరే సందు లేదు.
ఓడలో అయితే ఫోర్‌మన్
కాగితం నా మొహాన కొట్టేవాడు.

తరవాతి సంచిక కోసం నలభై ఎనిమిది గీశాను:
ఎడమ పక్కటెముకల మీద చిన్న తలుపు,
లోపల క్లిప్పుకి తగిలించిన ఒక అల్లిక సూది,
ఎనిమిదో నంబరుది, మా ఆవిడ బుట్టలోంచి చూసి గీసింది.
"ఇదేమిటి?" అన్నాడు ఆక్టర్లోనీ.
"రహస్యాయుధం," అన్నాను.
అలాగే అచ్చేశారు.

ఈసారి ఉత్తరం నాలుగు రోజులకే వచ్చింది.
మెచ్చుకోలు లేదు, దణ్ణాలు లేవు.
"ఎనిమిది మరీ లావు సార్,
పట్టీ కింద ఇరుక్కుంటుంది.
పన్నెండు వెయ్యండి.
కొస కాస్త వంచితే వీపు నడిమికి కూడా అందుతుంది.
నేను చూసే చెప్తున్నా."

దీపం దగ్గరికి లాక్కుని,
రబ్బరు కోసం సొరుగు తెరిచాను.